రేడియో పెట్టెపై సుంకము

క్రీ. శ. 1244–45 ప్రాంతమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవునందు ఒక అభయశాసనమును వేయించెను. అంతకు పూర్వము తుపానున చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును రాజులు బలాత్కారముగా తీసికొనుట ఆచారమై యుండెను. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పించి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గైకొనబోనని సముద్రవర్తకులకు మాట ఇచ్చెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు సుంకమని ఆ శాసనము చెప్పుచున్నది. చందనము, కర్పూరము, ముత్యములు, పగడములు, పట్టుదారములు మొదలగు సరకులు అందు పేర్కొనబడినవి.

ఆ శాసనమునందు గమనింపదగినది సుంకము స్వల్పమైయుండుట మాత్రమే కాదు. అది ముందుగా తెలిసియుండుట. రేవు చేరకముందే వర్తకుడు లెక్క కట్టుకొనగలడు. కొనువాడు ధరను ఊహించుకొనగలడు. సుంకమును గూర్చిన చర్చ యెల్లప్పుడును "ఎంత?" అను ప్రశ్నతోనే ముగియుచుండును. "ఎవరికొరకు? ఎంతకాలము? ఎవరిపై?" అను ప్రశ్నలు వెనుకబడును. ఈ ప్రశ్నలకు సమాధానము దొరకవలెనన్న ఇరువదవ శతాబ్దిలో మన దేశపు ఇండ్లలోనికి వచ్చిన రేడియో పెట్టె కథను చూడవలెను.

1924 మే నెలలో సి. వి. కృష్ణస్వామి శెట్టి మద్రాసున ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించెను. ఆ సంవత్సరమే జూలై 31న ప్రసారములు మొదలయ్యెను. ధనలేమిచే ఆ క్లబ్బు 1927లో మూతపడగా, దాని ప్రసారయంత్రము మద్రాసు నగరపాలక సంస్థకు చేరెను. 1930 ఏప్రిల్ 1 నుండి ఆ సంస్థయే ప్రసారములను సాగించెను. ఆ కాలమున వినువారి సెట్టులన్నియు సముద్రముపై వచ్చినవే. స్వల్పమైన ఖరీదుగల స్ఫటికపు సెట్టును చెవులకు తగిలించుకొని ఒక్కడు మాత్రమే వినవలెను. అదియు ప్రసారకేంద్రమునకు సమీపముననే. ఇంటిల్లిపాది వినదగిన వాల్వుల సెట్టు ధనవంతులకే అందుబాటులో నుండెను.

1927 జూలై 23న బొంబాయిలోను, ఆగస్టు 26న కలకత్తాలోను ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీవారి కేంద్రములు ప్రారంభమయ్యెను. ఈ కంపెనీ ఆదాయము రెండు మార్గముల వచ్చుచుండెను. మొదటిది, శ్రోతలు ఏటేట చెల్లించు పది రూపాయల లైసెన్సు రుసుములో అధికభాగము. రెండవది, దిగుమతియగు వైర్‌లెస్ సామగ్రి ఇన్వాయిసు విలువపై నూటికి పది వంతున వసూలుచేయు కప్పము. ఇది ప్రభుత్వపు దిగుమతి సుంకమునకు అదనము. పాట వినిపించుటకు కావలసిన ధనమును పాట వినిపించు పెట్టెనుండియే రాబట్టదలచిరి. పెట్టె ప్రియమైన శ్రోతలు తగ్గుదురు. శ్రోతలు తగ్గిన లైసెన్సు సొమ్ము తగ్గును. సొమ్ము తగ్గిన కార్యక్రమములు క్షీణించును. కార్యక్రమములు క్షీణించిన పెట్టె కొనువాడుండడు. 1927 చివరకు దేశమంతటను లైసెన్సులు మూడువేల ఆరువందలకు లోపు. 1929 చివరకు ఎనిమిది వేలకు లోపు. లైసెన్సు లేకుండ వినువారు మరికొందరుండిరి. 1930 మార్చి 1న కంపెనీ దివాలా తీసెను.

ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఆ కేంద్రములను స్వీకరించి నడపెను. ఆర్థికమాంద్యపు దినములగుటచే, 1931 అక్టోబరులో ప్రసారములను మూసివేయ నిశ్చయించెను. ప్రజలు, వర్తకులు ఆక్షేపింపగా నవంబరులో ఆ నిశ్చయమును రద్దుచేసెను. అయినను ఖర్చునకు సొమ్ము ఎక్కడిది? రేడియో సెట్టులపై నూటికి 25గా నున్న దిగుమతి సుంకమును 50కి పెంచుట ద్వారా ఆ చిక్కు విడదీయబడెను. ఈ దేశమున రేడియో ప్రసారములు బ్రతికి బట్టకట్టినది సుంకము సొమ్ముతోనే యనిన అతిశయోక్తి కాదు.

ఈ సుంకము కొనువానిపై ఎంత బరువగునో ఒక లెక్కవలన తెలియును. రేవు చేరునప్పటికి నూరు రూపాయల ఖరీదైన సెట్టు ఒకటి యున్నదనుకొందము. సుంకము లేనిచో, టోకు వర్తకుడు నూటికి ఇరువది, చిల్లర వర్తకుడు నూటికి ఇరువది లాభము వేసికొన్నను అది 144 రూపాయలకు అమ్ముడగును. యాబది రూపాయల సుంకము పడినచో వర్తకులిద్దరును 150 రూపాయలపై లాభము లెక్కించుకొందురు. అప్పుడు దాని వెల 216 రూపాయలు. ఖజానాకు చేరినది 50; కొనువాడు అధికముగా చెల్లించినది 72. సుంకము రేవునందు పుట్టి, అంగడి చేరునప్పటికి ఎదుగును.

సుంకము రెట్టింపైన తరువాత జరిగినది మరింత విచిత్రము. లైసెన్సుల సంఖ్య తగ్గలేదు సరికదా, 1932 చివర 8,557గా నున్నది 1934 చివరకు 16,179 అయ్యెను. దీనికి ముఖ్యకారణము 1932 డిసెంబరు 19న బి. బి. సి. వారు సామ్రాజ్య ప్రసారములను ప్రారంభించుట. స్వదేశపు మాట వినగోరి ఇచ్చటి ఐరోపా వారు ఖరీదైన షార్ట్‌వేవ్ సెట్టులను కొనిరి. లైసెన్సు లేకుండ సెట్టు నుంచుకొనుట నేరమని 1933లో చేసిన చట్టమును కొంత తోడ్పడెను. ఖజానాలో కూర్చున్నవారికి ఈ అంకెలు సంతోషము కలిగించియుండును. అవి ఎవరిని గూర్చి చెప్పుచున్నవో విచారింపవలెను. కొనగలవానిని సుంకము ఆపలేదు. కొనలేనివాడు ఆ లెక్కలోనికి రానేలేదు. సుంకము వలన అమ్మకము తగ్గలేదని చెప్పువారు, అసలు అంగడి మెట్టెక్కని జనమును లెక్కించుట మరచుచుందురు.

తెలుగునాట ఈ కథకు మరియొక మలుపు కలదు. హైదరాబాదున 1933లో ఒక ప్రైవేటు కేంద్రము మొదలై, 1935లో నిజాము ప్రభుత్వము చేతికి వచ్చెను. ఆ రాజ్యమునకు తన స్వంత సుంకము వేరుగా నుండెను. దానిని వసూలుచేయు శాఖకు కరోడ్‌గిరి యని పేరు. విదేశపు సరకు రేవున ఒక సుంకమును, రాజ్యపు టెల్లలో మరియొక సుంకమును మోయవలసి యుండెను. కోస్తా జిల్లాలవారు 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము వెలసినతోడనే తెలుగు కార్యక్రమములను వినసాగిరి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమయ్యెను. వినదగినది తమ భాషలో వచ్చినను పెట్టె ధర మాత్రము దిగలేదు. అందుచే పల్లెలలో పంచాయతి రేడియో పుట్టెను. సాయంకాలము రచ్చబండకడ గంటు పెట్టిన పెట్టెను తెరచి, లౌడ్‌స్పీకరులో వ్యవసాయదారుల కార్యక్రమమును ఊరంతయు వినుచుండెడిది. ఒక్కొక్కరు కొనలేని వస్తువును ఊరంతయు కలిసి అనుభవించుట ఆనాటి అలవాటు. దానికి కారణము సహకారబుద్ధి యొక్కటియే కాదు. పెట్టె ప్రియముగా నుండుటయు కారణమే.

స్వాతంత్ర్యానంతరము సుంకము అర్థము మారెను. అంతవరకు అది ముఖ్యముగా ఖజానా కొరకు. ఇకమీదట దేశీయ పరిశ్రమ కొరకును, విదేశీ మారకద్రవ్యపు పొదుపు కొరకును. 1957 నాటి మారకద్రవ్యపు కరవు తరువాత దిగుమతి లైసెన్సుల కట్టుదిట్టములు బిగిసెను. సుంకము "సొమ్ము చెల్లించి తెచ్చుకొనుము" అనును. లైసెన్సు పద్ధతి "తేవలదు" అనును. పూర్తి సెట్టుల రాక నిలిచిపోగా ఫిలిప్స్, మర్ఫీ, బుష్, నేషనల్ ఎకో మొదలగు పేర్లుగల సెట్టులు ఈ దేశముననే తయారగుచుండెను. 1954లో బెంగుళూరున భారత్ ఎలెక్ట్రానిక్స్ స్థాపితమయ్యెను. 1967లో హైదరాబాదున ఎలెక్ట్రానిక్స్ కార్పొరేషను వెలసెను. దానికి రూపకర్త ఆంధ్రుడైన అయ్యగారి సాంబశివరావు. ఆ సంస్థవారి ఇ. సి. టెలివిజను అనేక గృహములలో మొదటి టెలివిజను అయ్యెను. రక్షణసుంకపు నీడ లేక ఈ మొక్కలు నిలిచియుండెడివా యనునది న్యాయమైన ప్రశ్నయే. నీడ ఎక్కువైన చోట మొక్క ఎదుగుట మందగించుననునదియు సత్యమే.

1950–60 దశాబ్దము నడుమ జపాను దేశపు ట్రాన్సిస్టరు రేడియోలు ప్రపంచమున వ్యాపించెను. అరచేత ఇమిడెడి ఆ వస్తువు చట్టము ననుసరించి రాజాలకపోగా, చట్టము తప్పి వచ్చెను. తీరములవెంట దొంగరవాణా పెరిగెను. మద్రాసు రేవుకడ, బర్మానుండి తరలివచ్చిన కుటుంబములకై వెలసిన బర్మాబజారు విదేశీ ట్రాన్సిస్టరులకును, టేపురికార్డరులకును పేరుపొందెను. ప్రభుత్వము 1969లో సుంకముల చట్టమును సవరించి, కొన్ని సరకులకు కొనుగోలు రశీదులు చూపవలెనని నిర్బంధించెను. 1974లో దొంగరవాణాదారులను నిర్బంధించు చట్టము వచ్చెను. అంతలో దేశీయ ట్రాన్సిస్టరులును చౌకయై, 1970–80 దశాబ్దపు తొలినాటికి రేడియో లైసెన్సులు కోటి దాటెను. కట్టుదిట్టములు సాధింపలేని వ్యాప్తిని చౌకదనము సాధించెను.

ఈ సంవత్సరములలో ఏర్పడిన అలవాట్లు తరతరములు నిలిచెను. రేడియో కొనుట గృహప్రవేశము వంటి శుభకార్యము. దానికొక చెక్కబల్ల, అల్లికగుడ్డ ముసుగు. చెడిన పారవేయుటలేదు, వీధి మలుపున మెకానికు చేతిలో అది పదిమార్లు పునర్జన్మ మెత్తును. "ఫారిన్" అను మాట వస్తువు గుణమునకు పర్యాయపదమయ్యెను. కొనువాడు రశీదు అడుగకుండ, పూచీ కోరకుండ, అమ్మువాని మాటను నమ్మి సొమ్మిచ్చుట కలవాటుపడెను. 1970ల నుండి గల్ఫు దేశములకు వెడలిన కోనసీమ, కడప, కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములవారు సెలవుపై వచ్చునపుడు చేత టూ-ఇన్-వన్ టేపురికార్డరుతో దిగుచుండిరి. ఏ వస్తువును ఎంతవరకు సుంకము లేకుండ తేవచ్చునో ఆ కుటుంబములకు కంఠస్థము. సుంకముల కార్యాలయపు బ్యాగేజి నిబంధన పల్లెటూరి పెండ్లి కానుకను నిర్ణయించుచుండెడిది.

టెలివిజను కథ త్వరగా నడచెను. 1959లో ఢిల్లీలో ప్రయోగాత్మకముగా మొదలైన ప్రసారములు 1977లో హైదరాబాదు కేంద్రమును చేరెను. 1982లో రంగుల ప్రసారములు మొదలై, ఆసియా క్రీడల సందర్భమున రంగుల సెట్టుల దిగుమతిపై ప్రభుత్వము కొంత సడలింపు చూపెను. తలుపు కొంచెము తెరవగనే కొనువారు గుమిగూడిరి. ఇరువది సంవత్సరముల దప్పిక ఒక్క క్రీడోత్సవమున బయటపడెను.

1991లో పి. వి. నరసింహారావు ప్రధానిగా, మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రిగా నున్నపుడు, నూటికి 300 మించియున్న గరిష్ఠ సుంకము 150కి దిగెను; 1995 నాటికి 50 అయ్యెను. అయినను అనేక గృహోపయోగ వస్తువులపై దిగుమతి ఆంక్షలు 2001 ఏప్రిల్ 1 వరకు పూర్తిగా తొలగలేదు. సుంకము తగ్గినను ఆంక్ష నిలిచియున్నంతకాలము కొనువానికి మేలు సగమే. 1997లో భారతదేశము సమాచార సాంకేతిక వస్తువుల ఒప్పందమున చేరి, 2005 నాటికి కంప్యూటరులు మొదలగు వానిపై సుంకమును తొలగించెను. రేడియో అరవై యేండ్లలో చేరలేని ఇండ్లను చేతిఫోను పదియేండ్లలో చేరెను.

పిమ్మట గాలి మరల తిరిగెను. 2013 ఆగస్టు నుండి విదేశములనుండి వచ్చువారు వెంట తెచ్చు బల్లపరుపు టెలివిజనులపై సుంకము విధింపబడెను. బాంకాకు, దుబాయి విమానములలో టెలివిజను పెట్టెలు మోసికొని వచ్చు అలవాటు దానితో సన్నగిల్లెను. చేతిఫోనులపై 2017 జూలైలో నూటికి 10, డిసెంబరులో 15, 2018 ఫిబ్రవరిలో 20గా సుంకము పెరిగి, 2024 జూలైలో మరల 15కు దిగెను. ఇది ఒప్పందమునకు విరుద్ధమని 2023లో ప్రపంచ వాణిజ్య సంస్థ విచారణసంఘము తీర్పు చెప్పెను. మరియొకవంక, దేశమున అమ్ముడగు ఫోనులలో అత్యధికభాగము ఇచ్చటనే కూర్పబడుచున్నవి. ఆంధ్రదేశపు దక్షిణపు టంచున శ్రీసిటీలో వేలాది యువతులు ఆ పనివలన జీతము పొందిరి. ఖరీదైన ఫోనును విదేశమునుండి వచ్చు బంధువుచే తెప్పించుకొను పాత యలవాటును మాత్రము పోలేదు.

ఈ శతాబ్దపు చరిత్రలో సుంకమునకు ముగ్గురు వాదులు కనిపింతురు: ఖజానా, కర్మాగారము, కొనుగోలుదారు. మొదటి ఇరువురికిని సభలలో మాటాడువారుందురు. మూడవవానికి ఎవరును లేరు. 1932లో పెరిగిన సుంకము ప్రసారములను బ్రతికించినది. ఆ ప్రసారములను వినవలసిన పేదవానిని దూరముచేసినదియు ఆ సుంకమే. రెండును నిజములే. సుంకము అవసరమా, అనవసరమా యను వాదము ముగియునది కాదు. విధించునపుడు దాని ప్రయోజనమును, గడువును స్పష్టముగా ప్రకటించుట, ఏటేట మార్చకుండుట మాత్రము సాధ్యమైన పనులు. కొనువాడు తన లెక్క తాను వేసికొనుటకు వీలుండవలెను. ఆ మాత్రపు మర్యాదను సముద్రవర్తకులకు మోటుపల్లి శాసనము ఏడువందల ఎనుబది యేండ్ల క్రిందటనే చూపెను.