ఎన్ని గుర్రాలు కావాలి?

చీరల కొట్లో కూచుని ఎర్రదా, ఆకుపచ్చదా అని గంటసేపు తేల్చుకోలేకపోతే మగవాళ్ళు మనని వేళాకోళం చేస్తారు. 1957లో అమెరికాలో షెవ్రొలే వారి కార్వెట్ కారు కొనబోయిన మగమహారాజుల అవస్థ తెలిస్తే ఆ వేళాకోళం కట్టిపెడతారు. కారు ఒకటే. ఇంజనూ ఒకటే. కాని ఆ ఒక్క ఇంజనునే కంపెనీ అయిదు రకాలుగా అమ్మింది: 220 గుర్రాలది, 245ది, 250ది, 270ది, 283ది. గుర్రాలంటే హార్సుపవరు లెండి. అయిదింటి పరిమాణమూ 283 ఘనపుటంగుళాలే. ఒకప్పుడు మన వీధుల్లో తిరిగిన ప్రీమియర్ పద్మిని ఇంజనులు నాలుగు కలిపినా దానికి కాస్త తక్కువే.

పరిమాణం ఒకటే అయినప్పుడు గుర్రాలెక్కణ్ణించి పుట్టుకొచ్చాయి? కొంత పెట్రోలు అందించే ఏర్పాటు వల్ల. కాని 245కీ, 270కీ కార్బురేటర్లు రెండేసే. అక్కడ తేడా చేసింది కామ్‌షాఫ్టు.

ఆ పేరు విని పేజీ తిప్పెయ్యకండి. అదొక పొడుగాటి ఇనపకడ్డీ. దానిమీద కోడిగుడ్డు కొసలా పొడుచుకొచ్చిన బుడిపెలు వరసగా ఉంటాయి. కడ్డీ తిరుగుతుంటే ఆ బుడిపెలు సిలిండర్ల తలుపుల్ని, అంటే వాల్వుల్ని, తెరుస్తూ మూస్తూ ఉంటాయి. ఒక తలుపులోంచి గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి, రెండోదాంట్లోంచి పొగ బయటికి పోతుంది. ఎప్పుడు తెరవాలి, ఎంత తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి - ఈ మూడూ ఆ బుడిపె ఆకారమే నిర్ణయిస్తుంది.

పెళ్ళిలో భోజనాల పందిరి తలుచుకోండి. ఒక గుమ్మంలోంచి ఆకలిగా ఉన్నవాళ్ళు వస్తారు, తిన్నవాళ్ళు ఇంకో గుమ్మంలోంచి చేతులు కడుక్కోడానికి పోతారు. నింపాదిగా సాగే పెళ్ళిలో పాత బంతి లేచి వెళ్ళాక ఆ తలుపు మూసి ఈ తలుపు తెరిస్తే చాలు. జనం విరగబడి, బంతి మీద బంతి లేపాల్సి వచ్చినప్పుడు అది కుదరదు. రెండు తలుపులూ కాసేపు ఒక్కసారే బార్లా ఉంచాలి. వెళ్ళేవాళ్ళ ఊపే వచ్చేవాళ్ళని లోపలికి లాక్కొస్తుంది. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క తలుపు సెకనుకి 50 సార్లు తెరుచుకోవాలి మరి!

అదే ఏర్పాటు పదిమంది చుట్టాలున్న ఇంట్లో చేస్తే? ఊపులేదు గనక తిన్నవాళ్ళు వెనక్కి తిరిగొస్తారు, రాబోయినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతారు. నెమ్మదిగా తిరిగే ఇంజనుకీ అదే గతి. పొగ మళ్ళీ లోపలికి వస్తుంది, పీల్చిన గాలి వెనక్కి పోతుంది, ఇంజను దగ్గుతూ తుమ్ముతూ ఉంటుంది.

ఈ విద్య కంపెనీవాళ్ళు కనిపెట్టింది కాదు. 1932లో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల కారు చవగ్గా అమ్మినప్పట్నించీ కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత ఫోర్డులు కొని, విప్పదీసి, ఎండిన చెరువుల్లో పందేలు వేస్తూనే ఉన్నారు. ఎడ్ ఇస్కెండేరియన్ అనే ఆర్మీనియన్ కుటుంబపు యువకుడు రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక కామ్‌షాఫ్టులు సానపట్టే యంత్రం తనే తయారు చేసుకుని, దాన్నే జీవనాధారం చేసుకున్నాడు.

షెవ్రొలే వారికి ఈ కుర్రాళ్ళ సంగతి పట్టించినవాడు జోరా ఆర్కస్ డంటోవ్. ఆయన కథ సినిమాకి తక్కువేం కాదు. బ్రస్సెల్సులో పుట్టాడు, రష్యాలో పెరిగాడు, బెర్లినులో ఇంజనీరింగు చదివాడు. యూదుడు. 1940లో జర్మన్ సేనలు ఫ్రాన్సు మీద పడ్డప్పుడు ఆయన ఒకచోట, భార్య ఎల్ఫీ పారిస్‌లో. ఆమె నర్తకి. శత్రువులు వెనకే వస్తుంటే తన చిన్న ఎం.జి. కారు తనే నడుపుకుంటూ బోర్డో నగరం చేరుకుంది ఆ ఇల్లాలు. ఈ వ్యాసంలో వేగం నిజంగా అవసరమైన మనిషి ఎవరయ్యా అంటే ఆవిడ ఒక్కతే. ఆ కారు ఇంజను ఎన్ని గుర్రాలదో ఆ రోజు ఎవరు లెక్కపెట్టారు!

అమెరికా చేరుకున్న డంటోవ్ 1953లో న్యూయార్కు ప్రదర్శనలో కార్వెట్‌ని చూసి మురిసిపోయాడు. పైన సింగారం బాగుంది గాని లోపల సరుకు చాలదని కూడా గ్రహించాడు. ఉత్తరం రాసి అదే కంపెనీలో ఉద్యోగం సంపాదించాడు. ఆ డిసెంబరులోనే పైవాళ్ళకి ఇంకో కాగితం రాశాడు. పందేల కుర్రాళ్ళ మనసంతా ఫోర్డు మీదే ఉంది, వాళ్ళని మన వైపు తిప్పుకోవాలంటే కోరిన విడిభాగాలు మనమే అమ్మాలి అని దాని సారాంశం. ఊరికే రాసి ఊరుకోలేదు. కొత్త కామ్‌షాఫ్టు ఒకటి తయారుచేశాడు. 1956 జనవరిలో డేటోనా సముద్రతీరాన ఇసుకమీద కార్వెట్‌ని గంటకి 150 మైళ్ళ వేగంతో స్వయంగా నడిపి చూపించాడు. దానికి డంటోవ్ కామ్ అనే పేరు స్థిరపడిపోయింది.

1957 నాటి 270 గుర్రాల ఇంజనులో ఉన్నది అదే. దాని ప్రతాపమంతా 6000 చుట్ల దగ్గర. 245 గుర్రాలది 5000 దగ్గరే తన బలమంతా చూపించేసేది. మరి పెట్రోలు బంకు నించి బయల్దేరేటప్పుడు, దీపం దగ్గర ఆగినప్పుడు, ఇరుకు సందులో మలుపు తిప్పేటప్పుడు ఇంజను తిరిగేది వెయ్యో రెండువేలో చుట్లు. అక్కడ తక్కువ గుర్రాలదే హాయి. డంటోవ్ కామ్ ఉన్న ఇంజను కుట్టుమిషనులా టకటకలాడేది. వాల్వుల సందుని అప్పుడప్పుడూ మెకానిక్కు చేత సరిచేయించుకోవాలి. ఆటోమాటిక్ గేర్లు దాంతో ఇవ్వమని కంపెనీయే చెప్పేసింది. ఆదివారం పందెంలో గెలిచిన కారునే సోమవారం కూరల బజారుకి తీసుకెళ్ళాలంటే ఆ తేడా క్లచ్చి తొక్కే కాలికి తెలిసివచ్చేది.

బజారుకీ, పందేనికీ ఒకే కారు కావాలంటే రెండోదారి ఇంజను పెద్దది చెయ్యడం. గుండిగ పెద్దదైతే మంట ఎక్కువ పెట్టక్కర్లేదు కదా. పైగా ఒకే కామ్‌షాఫ్టు చిన్న ఇంజనులో పెడితే గిలగిల్లాడించేది పెద్దదాంట్లో బుద్ధిగా ఉంటుంది. ఎక్కువ గాలి పీల్చే ఇంజనుకి ఆ ఎక్కువసేపు తెరిచిన తలుపు అంత ఎక్కువనిపించదు మరి.

పాంటియాక్ వారు పట్టింది ఈ దారే. మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలకి మించిన ఇంజను పెట్టకూడదని పై సంస్థ జనరల్ మోటార్సు నియమం. జాన్ డెలోరియన్, ఆయన తోటి ఇంజనీర్లూ 389 అంగుళాల ఇంజను తెచ్చి మధ్యరకం టెంపెస్ట్ కారులో ఇరికించారు. కొత్త కారంటే అనుమతి కావాలి, అందుకని అదనపు సరంజామా అని పేరు పెట్టి 296 డాలర్లకి కాస్త తక్కువగా అమ్మారు. అదే 1964 నాటి జి.టి.ఓ. ఇంజను నిజానికి 6.4 లీటర్లయితే పక్కన బిళ్ళమీద 6.5 అని చెక్కించారు. గజం ముక్కని గజంపావని చెప్పే కొట్లవాడు అక్కడా ఉన్నాడన్నమాట. అయిదువేలు అమ్మితే గొప్పనుకున్నది మొదటి ఏడే 32,450 అమ్ముడుపోయింది. హడావిడి కామ్‌షాఫ్టు లేకుండానే, కాలు మోపగానే లాక్కుపోయే కారు మామూలు ఉద్యోగస్థుడికి అందింది.

పెద్ద గుండిగకి వంటచెరకూ ఎక్కువే. చౌక పెట్రోలు ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. కుర్రాళ్ళ కార్లకి బీమా రేట్లు పెరిగాయి, పొగమీద ఆంక్షలొచ్చాయి, 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసేసరికి బంకుల ముందు కార్లు బారులు తీరాయి.

తలుపుల తగువు మాత్రం 1989లో జపానులో ఒక కొలిక్కి వచ్చింది. హోండా వారు ఇంటెగ్రా కారులో ఒకే కడ్డీ మీద రెండు రకాల బుడిపెలు పెట్టారు. ఊళ్ళో తిరిగేటప్పుడు సాధువైనవి పనిచేస్తాయి. చుట్లు పెరిగితే నూనె వత్తిడికి ఒక చిన్న మేకు జరిగి, గడుసుదానికి పని అప్పజెపుతుంది. ఆ ఇంజను 1595 సీసీ, 160 గుర్రాలది. డంటోవ్ 283 గుర్రాల కోసం వాడుకున్నది దానికి దాదాపు మూడింతల ఇంజను.