ఫాల్మత్ రేవు ఎవరిది?

అమెరికాలో ఉన్న మన సాఫ్టువేరు జనానికి అమ్మానాన్నలు వచ్చినప్పుడు నయాగరా, లాస్ వేగాస్ తరవాత మూడో మొక్కు ఒకటుంది. మయామీ దగ్గర ఓడెక్కి కరేబియన్ తిప్పి తీసుకురావడం. మేమూ తీర్చుకున్నాం. జమైకాలో ఫాల్మత్ అనే చోట ఓడ ఆగింది. దిగితే శుభ్రమైన వీధులు, నగల కొట్లు, టీషర్టుల కొట్లు, చివర్లో ఒక గేటు. అక్కణ్ణుంచి బస్సెక్కించి జలపాతానికి తీసుకుపోయారు. సాయంత్రం ఓడెక్కుతూ మా నాన్న అడిగారు, "ఇంతకీ ఊరెక్కడరా? మనం చూసింది ఊరు కాదుగా" అని. నిజంగానే నాకు తెలీదు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఊరు ఆ కంచె అవతలే ఉంది, రెండున్నర శతాబ్దాల నుంచీ.

ఫాల్మత్ 1769లో పుట్టింది. అప్పటి గవర్నరు విలియం ట్రెలానీ ఇంగ్లండులో పుట్టిన ఊరి పేరే దీనికీ పెట్టారు. చుట్టూ చెరకు తోటలు. రేవులోంచి చక్కెర, రమ్ము బయటికి పోయేవి, ఆఫ్రికా నుంచి బానిసలు లోపలికి వచ్చేవారు. రేవులో ఒకేసారి ముప్పై దాకా తెరచాప ఓడలు నిలబడేవట. న్యూయార్కు కంటే ముందే మా ఊళ్ళో కుళాయి నీళ్ళు వచ్చాయని అక్కడివాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. 1838 జులై 31 అర్ధరాత్రి, బానిసత్వం పూర్తిగా రద్దయ్యే ఘడియకి, విలియం నిబ్ అనే బాప్టిస్టు పాస్టరు ఇక్కడే జనాన్ని పోగేసి ఒక శవపేటికలో గొలుసు, కొరడా, మెడకి వేసే ఇనుప పట్టీ పెట్టి పాతిపెట్టించాడు.

ఆ తరవాత ఊరు చితికిపోయింది. చక్కెర వ్యాపారం దెబ్బతింది. పైగా ఆవిరి ఓడలు వచ్చాయి. వాటి సైజు పెరిగేకొద్దీ ఫాల్మత్ రేవు వాటికి చాలలేదు. పాత జార్జియన్ భవనాలు మాత్రం చాలావరకు అలాగే మిగిలాయి. వాటిమీద ప్రేమతో అనుకునేరు... పడగొట్టి కొత్తవి కట్టడానికి డబ్బుల్లేక!

ఓడలు పెద్దవై చంపిన ఈ ఊరిని, ఓడలు ఇంకా పెద్దవై లేపడానికి వచ్చాయి. అదీ అసలు కథ.

1966లో టెడ్ ఆరిసన్, క్నుట్ క్లోస్టర్ కలిసి మయామీ నుంచి ఒక్క ఓడతో క్రూయిజ్‌లు మొదలెట్టారు. తరవాత విడిపోయి, 1972లో ఆరిసన్ కార్నివాల్ పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఓడ రేవులో ఆగితే జనం దిగి ఊళ్ళో తిరిగి, ఊళ్ళోనే తిని తాగేవారు. ఆ డబ్బు కంపెనీది కాదు. 1977లో క్లోస్టర్ కంపెనీ (నార్వీజియన్) బహామాస్‌లో గ్రేట్ స్టిరప్ కే అనే చిన్న దీవిని ఏకంగా కొనేసింది. దీవి మనదే, బీచి మనదే, బీరు కూడా మనదే. 1986లో రాయల్ కరేబియన్ హైతీలో లబాడీ అనే తీరాన్ని లీజుకి తీసుకుని కంచె వేసింది. చాలా ఏళ్ళు ప్రకటనల్లో హైతీ అన్న మాటే ఉండేది కాదు, హిస్పానియోలా అనేవారు.

దీవి కొంటే సరిపోదు, పెద్ద ఓడకి లోతైన రేవు కావాలి. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ద సీస్ పరిమాణం కొలత 2.25 లక్షల గ్రాస్ టన్నులు, గదికి ఇద్దరు చొప్పున లెక్కేసినా 5,400 మంది. అంత ఓడ ఆగే చోట్లు కరేబియన్‌లో వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. అందుకని రాయల్ కరేబియన్ లబాడీలో జెట్టీ కట్టింది, ఫాల్మత్‌లో జమైకా పోర్ట్ అథారిటీతో చేతులు కలిపింది. సుమారు 22 కోట్ల డాలర్ల పని, సగానికి పైగా జమైకా వాటా. అడుగు తవ్వారు, వేల సంఖ్యలో పగడాల్ని పెకలించి వేరే చోట నాటారు. 2011లో ఓడలొచ్చాయి. కార్నివాల్ ఊరుకుంటుందా? 2006లో గ్రాండ్ టర్క్, 2009లో హోండురస్‌లో మహోగనీ బే, 2015లో డొమినికన్ రిపబ్లిక్‌లో ఆంబర్ కోవ్, 2025లో బహామాస్‌లో 60 కోట్ల డాలర్లతో సెలబ్రేషన్ కీ.

మన ఆఫీసు భాషలో దీన్ని వెండర్ లాకిన్ అంటాం. కాకపోతే ఇక్కడ లాక్ ఒకవైపే. జెట్టీ ఎక్కడికీ పోదు, ఓడ ఎక్కడికైనా పోతుంది. 1990లలో కరేబియన్ దేశాలన్నీ కలిసి ప్రయాణికుడికి కనీసం 10 డాలర్ల పన్ను వేద్దామనుకున్నాయి. మీ రేవు మానేసి పక్క రేవుకి పోతాం అన్నాయి కంపెనీలు. ఎవరి భయం వాళ్ళది, ఆ ఐకమత్యం నిలవలేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టయింది. 1999లో చెత్త శుద్ధి ఖర్చుల కోసం పెట్టిన డాలరున్నర పన్ను దగ్గర గొడవొచ్చి కార్నివాల్ గ్రెనడానే రూటులోంచి తీసేసింది. డాలరున్నర అండీ!

కంపెనీలని విలన్లని చేసేసి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. వాళ్ళు రాకపోతే ఫాల్మత్ రేవులో ఆ జెట్టీ లేచేది కాదు. 2010 హైతీ భూకంపం తరవాత మూడు రోజులకే లబాడీలో ఓడ ఆగితే, శవాల పక్కన పిక్నిక్కా అని ప్రపంచమంతా తిట్టింది. కానీ అదే ఓడలో సహాయ సామగ్రి వచ్చింది, బీచిలో పనిచేసే హైతీ వాళ్ళకి ఆ రోజు కూలీ కూడా దొరికింది. మరి ఆగకపోతే మంచిదా? ఏమో, నేను తేల్చలేకపోయాను.

నాకు నచ్చనిది కంచె. ప్రభుత్వం సొమ్ము సగానికి పైగా పడ్డ రేవులో, ప్రయాణికుడు కంపెనీ అమ్మిన టూరు టికెట్టుతో కంపెనీ చెప్పిన బస్సెక్కి ఓచో రియోస్‌కో మాంటిగో బేకో పోతాడు. ఫాల్మత్ వ్యాపారస్తులు మొదట్నించీ మొత్తుకుంటున్నది ఇదే. లబాడీ సంగతి ఇంకా అన్యాయం. హైతీలో హింస పెరిగిందని 2024 మార్చిలో ఓడలు ఆపారు, అక్టోబరులో మళ్ళీ వచ్చారు, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ ఆపారు. టికెట్టు కొన్నవాళ్ళకి ఇంకో రేవు చూపిస్తారు. అక్కడ చెక్కబొమ్మలు అమ్ముకునేవాళ్ళకి ఎవరేం చూపిస్తారు?

మా నాన్నకి ఫోన్‌లో ఈ కథంతా చెప్పాను. నిబ్ పేరు మీద చర్చి ఇప్పటికీ ఆ ఊళ్ళో ఉందని, రేవు నుంచి నడిచిపోయే దూరమేనని చెబితే, "మరి ఆ రోజు జలపాతానికి ఎందుకు తీసుకెళ్ళావురా?" అన్నారు. ఓడలో ముందే టికెట్లు కొనేశాం నాన్నా అన్నాను.