ముందు వినికిడి, తరువాత వ్యాకరణం



కోటబొమ్మాళి ప్రాంతంలో చాలాకాలం తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. సంధులూ సమాసాలూ వల్లె వేయించడమే భాష నేర్పడమని ఉద్యోగారంభంలో గట్టిగా నమ్మాను. ఆ నమ్మకాన్ని కదిలించినది మా సీమవారే అయిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి చరిత్ర.

పంతులుగారు 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు. ఆ చుట్టుపక్కల కొండలలో నివసించే సవరల భాష నేర్చుకోవాలని సంకల్పించారు. ఆ భాషకు అప్పటికి లిపి లేదు. చేతపట్టుకొని చదువుకోదగిన వ్యాకరణమూ లేదు. అందుచేత తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట ఉంచుకొన్నారు. అతడు పలికినది విని, తామూ అట్లే పలికి నేర్చుకొన్నారు. పసిబిడ్డ తల్లి నోటిని చూసి మాట నేర్చే పద్ధతి కూడ ఇదే కదా! పిదప సవర భాషలో వాచకాలు వ్రాసి, స్వంత ధనంతో సవర పిల్లలకు బడి నడిపారు. మన్యంలో తిరిగినందుకు జ్వరాలు పట్టుకొన్నాయి. క్వినైను వాడకం వలన చెవుడు వచ్చింది. చెవితో భాష నేర్చిన మహనీయుడు చెవినే మూల్యంగా చెల్లించారు.

ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. అంటే అనుకరణ ముందు, సూత్రం దశాబ్దాల తరువాత.

1906 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారి యేట్సు దొర, తెలుగువారు మాట్లాడే భాషకూ పుస్తకాల భాషకూ ఇంత అంతరం ఎందుకని ప్రశ్నించాడు. పంతులుగారు వ్యావహారిక భాషోద్యమానికి పూనుకొన్నారు. సవరల నడుమ పొందిన అనుభవమే ఆయనకు అంతటి ధైర్యమిచ్చిందని నా అభిప్రాయం.

ఒకసారి నా తరగతిలో ఒక బాలుడు "మా అయ్య నారాయణవలస సంతకి ఎల్లిపోనాడు" అని వ్రాశాడు. ఎర్రసిరాతో కొట్టివేశాను. ఆ మాట అతడు ఇంట్లో విని నేర్చినది. శిష్టరూపాన్ని పక్కన వ్రాసి చూపితే సరిపోయేది; నేను అతని ఇంటి మాటనే తప్పన్నాను. ఆ తరువాత చాలా రోజులు అతడు తరగతిలో నోరు విప్పలేదు. పంతులుగారి చరిత్ర శ్రద్ధగా చదివినది అటు తరువాతనే.

ఇంత చెప్పినా ఈ వ్యాసంలో గ్రాంథికపు వాసన పోలేదని మీరు నవ్వవచ్చు. ఏం చేయను? అదీ మా గురువులను చూసి నేర్చుకొన్నదే!