హార్మోనియము మొదలు సింథసైజరు వరకు: మెట్లవాద్యముల తారతమ్యము

పాత వాద్యమును విడిచి క్రొత్తదానిని కొనదలచిన వాద్యకారుడు సాధారణముగా మెట్లెన్ని, ధ్వనులెన్ని, వెల యెంత యని విచారించును. వీనికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఆ వాద్యము రాగమునకు లోబడునా? తెలుగువారి మెట్లవాద్యముల చరిత్రయందు తగవంతయు ఈ ప్రశ్నను గూర్చినదే.

జయపుర సీమ ఈ చరిత్రకు వెలియైనది కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడు వరకు ఈ సంస్థానము మదరాసు రాజధానిలోని విశాఖపట్టణ మండలమునకు చెందినది. 1931లో సంస్థానాధిపతియైన విక్రమదేవవర్మ తెలుగు, ఒరియా భాషలు రెండింటను కవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు మహాదాత. ఈ కొండసీమనుండి దిగిన సాలూరు, అచటినుండి విజయనగరము. ఆ విజయనగరమున 1919లో సంగీత కళాశాల వెలసెను. ఆదిభట్ల నారాయణదాసు దాని ప్రథమాధ్యక్షుడు. ద్వారం వేంకటస్వామి నాయుడు అచట వయొలిను నేర్పిన ఆచార్యుడు. వయొలినును హార్మోనియమును రెండును పరదేశపు వాద్యములే. అయినను వయొలినునకు కచేరీలో పీట దొరకెను. హార్మోనియము నాటకరంగముననే స్థిరపడెను. వయొలినునకు మెట్లు లేకపోవుటయే యీ భేదమునకు ముఖ్యకారణము. తంత్రిపై వ్రేలు జారినంతమేర స్వరమును జారును. మెట్టు నొక్కినచో పలుకునది ఒక్కచోటనే నిలిచిన స్వరము.

హార్మోనియమునకు 1842లో పారిసు నగరమున డెబెయిన్ అనునతడు హక్కుపత్రము పొందెను. ఐరోపావారు దానిని కాళ్లతో తొక్కి వాయించిరి. నేలపై కూర్చుండి చేతితో తిత్తినూది వాయించు రూపము వంగదేశమున ప్రబలెను. కలకత్తాలో ద్వారకానాథ ఘోషు స్థాపించిన ద్వార్కిన్ సంస్థ ఆ కృషిలో ముఖ్యము. తెలుగు నాటకసమాజములకు మాత్రము కాలి హార్మోనియమే ప్రియమయ్యెను. వాద్యకారుని రెండుచేతులును మెట్లపైననే యుండుటయు, వెనుక వరుసవానికిని వినబడునంత నాద ముండుటయు దాని గుణములు. పద్యాంతమున నటుడు రాగము తీయుచుండగా వెన్నంటి పోవుటకు ఇంతకన్న అనువైన తోడు ఆ కాలమున లేదు. దీనిని తక్కువచేసి మాటలాడిన పండితులు రాత్రి తెల్లవారువరకు సాగిన పద్యనాటకమును వినియుండరు కాబోలు.

అయినను దోషము దోషమే. ఒక స్థాయిని 1200 సెంట్లుగా విభజించినచో, శుద్ధముగా శ్రుతి కూర్చిన అంతర గాంధారము 386వ సెంటున నిలుచును. సమవిభక్తమైన మెట్టు 400వ సెంటున పలుకును. పంచమమున భేదము రెండు సెంట్లు మాత్రమే గనుక చెవికి తెలియదు. గాంధారమున తంబుర ప్రక్కన అది తెలియకపోదు. గమకము లేకుండుట రెండవ దోషము. ఇట్టి ఆక్షేపణల పర్యవసానముగా 1940లో ఆకాశవాణి హార్మోనియమును తన ప్రసారములనుండి బహిష్కరించెను. ఆ నిషేధము 1971లో గాని, అదియు పరిమితముగా గాని, సడలలేదు.

ఇక విద్యుద్వాద్యములు. ఆంధ్ర, ఒరిస్సాల సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో పనిచేయనారంభించెను. దానికి ఒక యేడు ముందు వెలువడిన 'నాగిన్' హిందీ చిత్రమున పాములవాని నాగస్వరముగా లోకులు విన్నది క్లావియొలిన్ అను విద్యుత్ మెట్లవాద్యము, వాయించినవాడు కల్యాణ్‌జీ. మెట్లపైనను నాదమును వంచవచ్చునని అది కొంతవరకు తెలిపెను.

1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజరునకు 44 మెట్లు. ఏకకాలమున ఒక్క స్వరమే పలుకును. పాశ్చాత్యులకు అది కొరతగా తోచెను. వారి సంగీతమునకు స్వరముల కూర్పు ప్రాణము గదా. మనకట్లు కాదు. రాగాలాపనకు ఒక్క స్వరము చాలును, అది వంగవలెను. ఆ వంపునకై మెట్ల యెడమప్రక్కన దీనికొక చక్రము గలదు. 1983 నాటి యమహా డి.ఎక్స్.7 నందు 61 మెట్లు, ఏకకాలమున 16 స్వరములు, చక్రమును గలదు. మెట్ల శ్రుతి మాత్రము సమవిభక్తమే. దాని పిమ్మటి రూపమైన డి.ఎక్స్.7 టూ నందు ఒక్కొక్క మెట్టు శ్రుతిని వేరువేరుగా సవరించు వీలు కల్పింపబడెను. 1987 నాటి రోలాండ్ డి-50, 1988 నాటి కార్గ్ ఎమ్1 లు ధ్వనివైవిధ్యముచే పేరొందెను; ఎమ్1 నందు ఎనిమిది వరుసల వాద్యములను కూర్చి నిలుపుకొను సౌకర్యమును గలదు. చిత్రసంగీత నిర్మాతకు అది వరము. పద్యమునకు తోడుపోవు వానికి అందు మిగులు లాభము స్వల్పము.

ఒక గాయకుడు ఒకటిన్నర శ్రుతిలోను, వేరొకడు ఐదు శ్రుతిలోను పాడునపుడు మీట నొక్కి శ్రుతి మార్చుట మిక్కిలి సుకరము. స్కేల్ ఛేంజర్ హార్మోనియమున మెట్లపలకను జరిపి సాధించినది ఇదియే. కాని విద్యుత్తు పోయిన రాత్రి తిత్తి పెట్టెకు సాటి లేదు. కావున కొనబోవువాడు అంగడిలో నమూనా ధ్వనులను ఆలకించుటతో తృప్తిపడక తంబురనో, శ్రుతిపెట్టెనో వెంటగొనిపోవుట మేలు. షడ్జము నిలిపి అంతర గాంధారమును పట్టి వినవలెను. పిదప చక్రమును త్రిప్పి తోడి గాంధారమున గమకము పలికించి చూడవలెను. తోడి పలుకనిచో, పాతపెట్టెను మారకమిచ్చుటకు తొందర లేదు.