వీధిలో మట్టి పోస్తే జరిమానా
రోడ్ల విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన నాకు కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఎక్కువగా నచ్చింది నగరాధికారి విధులు చెప్పే నాగరిక ప్రణిధి అధ్యాయం. వీధిలో మట్టి పోస్తే పణం అనే నాణెంలో ఎనిమిదో వంతు జరిమానా; బురదనీళ్లు నిలిచేలా చేస్తే పావు పణం; రాజమార్గంలో అయితే రెట్టింపు. వీధి అందరిదన్న స్పృహ అంత పాతది.

హైదరాబాద్‌లో 1908 మూసీ వరద తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి వీధులు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టి బజారు కట్టించింది. కమిషనర్ అనుమతి లేకుండా వీధి తవ్వకూడదని, కట్టుబడి సామాను దారిలో పోయకూడదని 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం చెప్పింది.

చట్టం ఉంది, నిఘా కావాలి. సెల్లార్ గొయ్యి తవ్వి, పక్కమట్టి జారకుండా గోడ కట్టకపోతే, పెద్దవాన పడగానే రోడ్డు అంచున వెంట్రుకవాసి బీట కనిపిస్తుంది. నీళ్లు అందులోంచి దిగి కింది మట్టిని లాగేస్తాయి. పైన తారు మామూలుగానే ఉంటుంది, బరువు టిప్పర్ ఎక్కేదాకా. రెడీమిక్స్ లారీ కడిగిన నీళ్లు వాననీటి కాలువలోకి వదిలితే సిమెంటు అక్కడే గడ్డకడుతుంది. ఆ తర్వాత వీధి మునుగుతుంది. ఆ నీళ్లు అలా కాలువలోకి వదలడం క్షమించరాని పని.

మీ వీధిలో తవ్వకం మొదలవబోతోందా? ముందురోజే రోడ్డు ఫొటోలు తేదీతో సహా తీసి, మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.