గద్ద గూళ్లెక్కిన బ్యాంకు మేనేజరు

చార్లెస్ బ్రోలీ కెనడాలోని విన్నిపెగ్‌లో బ్యాంకు మేనేజరుగా పనిచేసి పదవీ విరమణ చేశాడు. చలికాలాలు అమెరికా దక్షిణ కొసన ఉన్న ఫ్లోరిడాలో గడిపేవాడు. పక్షులంటే ప్రాణం. అది తెలిసిన రిచర్డ్ పౌ, పక్షుల సంరక్షణకు పాటుపడే ఆడుబాన్ సొసైటీ ఉద్యోగి, ఆయనకు కొన్ని రింగులిచ్చి, తెల్లతల గద్దల పిల్లల కాళ్లకు తొడిగి చూడమన్నాడు. 1939లో మొదలైందా పని.

ఈ గద్ద అమెరికా జాతీయ చిహ్నం. గూళ్లు ఎత్తయిన పైన్ చెట్ల చిటారున ఉంటాయి. బ్రోలీకి అప్పటికే అరవయ్యేళ్లు కావస్తున్నాయి. అయినా సీసపు గుండు కట్టిన దారాన్ని కొమ్మ మీదుగా విసిరి, దాని సాయంతో తాళ్ల నిచ్చెనను పైకి లాగి, తనే ఎక్కేవాడు. 1939 నుంచి 1949 వరకు వెయ్యికి పైగా పిల్లలకు రింగులు తొడిగాడు. అంతకుముందు చరిత్ర మొత్తంలో రింగులు పడిన గద్దలు 166.

ఆ రింగులు ఎవరూ ఊహించని కబురు తెచ్చాయి. ఫ్లోరిడా గద్దలు చలికాలంలో గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుతాయి. అవి వలసపోవనే అప్పటిదాకా శాస్త్రజ్ఞుల నమ్మకం. కానీ బ్రోలీ రింగులు తొడిగిన పిల్లలు కొన్ని నెలలకే ఉత్తరాన, కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ దాకా దొరికాయి. రెక్కలొచ్చిన వెంటనే పిల్లలు తీరం వెంట ఉత్తరానికి పోతున్నాయన్నమాట.

వలస గుట్టు తెలిసిందనుకునేలోపే సంతానం తగ్గడం మొదలైంది. 1947 నుంచి ఖాళీ గూళ్లు కనిపించసాగాయి. 1952-57 మధ్య దాదాపు 80 శాతం గూళ్లలో పిల్లలే లేరు. 1957లో పెద్ద గద్దలున్న గూళ్లు 43. వాటిలో ఏడింట్లోనే పిల్లలు లేచాయి. 23 గూళ్లలో గుడ్లు మురిగిపోయాయి. మిగతా 13 గూళ్లలో అసలు గుడ్లే లేవు. మరుసటి ఏడాది బ్రోలీ నూరు మైళ్లకు పైగా తిరిగితే రింగు తొడగడానికి దొరికింది ఒక్కటంటే ఒక్క పిల్ల. తీరప్రాంతమంతా దోమల కోసం చల్లుతున్న డీడీటీ మీద ఆయనకు అనుమానం కలిగింది. అదే రాసి, 1959లో కన్నుమూశాడు.

అనుమానానికి సాక్ష్యం ఎక్కడో ఉత్తరాన, పెన్సిల్వేనియా కొండల మీద పోగవుతోంది. శరదృతువులో దక్షిణానికి వలసపోయే డేగలు, గద్దలు కిట్టాటినీ కొండవరుస వెంట గాలివాలున సాగిపోతాయి. వేటగాళ్లు అక్కడే మాటువేసి వాటిని వందలకొద్దీ కాల్చి పడేసేవారు. నేల మీద వరసగా పేర్చిన పక్షి కళేబరాల ఫొటోలు చూసి న్యూయార్క్ మహిళ రోజలీ ఎడ్జ్ చలించిపోయింది. 1934లో ఆ కొండ మీద 1,400 ఎకరాలు లీజుకు తీసుకుని, మారిస్ బ్రౌన్, ఆయన భార్య ఇర్మాలను కాపలా పెట్టింది. హాక్ మౌంటెన్ అభయారణ్యం పుట్టుక అదే.

ఇర్మా దారి దగ్గర నిలబడి వేటగాళ్లను వెనక్కి పంపేది. మారిస్ కొండకొమ్మున కూర్చుని, దాటిపోయే ప్రతి పక్షినీ లెక్క రాసేవాడు. తెల్లతల గద్దకు తలా తోకా తెల్లబడటానికి నాలుగైదేళ్లు పడుతుంది. కాబట్టి పిల్లదేదో పెద్దదేదో రంగును బట్టే చెప్పొచ్చు. 1935-39లో ఆ కొండ దాటిన గద్దల్లో 40 శాతం పిల్లలు. 1955-59కి వాటి వాటా 20 శాతానికి పడిపోయింది. 1957లోనైతే 32 పెద్ద గద్దలకు ఒకే పిల్ల. పురుగుమందుల హాని గురించి రచయిత్రి రేచల్ కార్సన్ 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకం వెలువరించినప్పుడు బ్రోలీ లెక్కలు, బ్రౌన్ లెక్కలు రెండూ అందులోకి ఎక్కాయి.

అయితే డీడీటీకీ మురిగిన గుడ్డుకూ ఉన్న లంకె ఏమిటి? అది బ్రిటన్‌లో బయటపడింది.

పందేల పావురాలను భైరి డేగలు తినేస్తున్నాయని అక్కడి పావురాల పెంపకందార్లు ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. డేగలెన్నున్నాయో తేల్చమని శాస్త్రజ్ఞుడు డెరెక్ రాట్‌క్లిఫ్‌కు పని అప్పగిస్తే, 1961-62 సర్వేలో కథ అడ్డం తిరిగింది. డేగలే కనుమరుగవుతున్నాయి. 1951 నుంచీ ఆయనకు గూళ్లలో చితికిన గుడ్లు కనిపిస్తూనే ఉన్నాయి. పెంకు పలచబడిందేమోనన్న ఆలోచన వచ్చింది. పాత పెంకులు ఎక్కడ దొరుకుతాయి? గుడ్లు సేకరించడం పిచ్చిగా పెట్టుకున్న దొరల అలమారల్లో! ప్రతి గుడ్డు మీదా తేదీ, చోటు రాసి ఉంటాయి. మ్యూజియాల్లో, సొంత సేకరణల్లో ఉన్న ఆ గుడ్లను రాట్‌క్లిఫ్ కొలిచి, తూచి, 1967లో ‘నేచర్’ పత్రికలో ఫలితం ప్రకటించాడు. భైరి డేగ గుడ్ల పెంకు బరువు దాదాపు ఐదోవంతు తగ్గింది. తగ్గుదల మొదలైంది 1940ల చివర్లో, డీడీటీ వాడకం ఊపందుకున్న రోజుల్లోనే.

డీడీటీ ఒంట్లో డీడీఈగా మారి కొవ్వులో పేరుకుంటుంది. చిన్న చేప నుంచి పెద్ద చేపకు, దాన్నుంచి గద్దకు చేరేసరికి మోతాదు ఎన్నో రెట్లవుతుంది. పెంకుకు చేరాల్సిన కాల్షియాన్ని డీడీఈ అడ్డుకుంటుంది. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్డు చితికిపోతుంది.

అమెరికా 1972లో డీడీటీ వాడకాన్ని దాదాపుగా నిషేధించింది. అలాస్కా, హవాయి మినహా మిగతా దేశంలో 1963లో 417 జతలకు పడిపోయిన తెల్లతల గద్దలు 2007 నాటికి 9,700 జతలు దాటాయి. ఆ ఏడాదే వాటిని అంతరించే ముప్పున్న జీవుల జాబితా నుంచి తీసేశారు. హాక్ మౌంటెన్ మీద ఏటా ఆగస్టు నడిమి నుంచి డిసెంబరు నడిమి దాకా వలస పక్షుల లెక్క ఇప్పటికీ సాగుతోంది.