ఆల్ప్స్ దాటిన కంచరగాడిద

1800 మే నెల. ఆల్ప్స్ పర్వతాల్లోని గ్రాండ్ సేన్ బెర్నార్ కనుమ. తొలిచిన చెట్టు మొద్దుల్లో ఫిరంగులు పెట్టి మంచులో ఈడ్చుకుంటూ ఫ్రెంచి సైన్యం ఇటలీ వైపు దిగింది. కొద్దిరోజుల తేడాతో అదే దారిన నెపోలియన్ బోనపార్ట్ వచ్చాడు. ఆయన ఎక్కింది కంచరగాడిద. ముందు నడిచి దారి చూపింది ఓ కొండపల్లె మనిషి.

మరుసటి ఏడాది జాక్ లూయీ దవీద్ పూర్తిచేసిన చిత్రంలో ఆ కంచరగాడిదా లేదు, ఆ మనిషీ లేడు. ముందుకాళ్లెత్తిన గుర్రం మీద, గాలికి రెపరెపలాడే అంగవస్త్రంతో నెపోలియన్ శిఖరం వైపు చెయ్యి చాచి కనిపిస్తాడు. కింద బండల మీద మూడు పేర్లు: బోనపార్ట్, హానిబల్, షార్లమేన్. హానిబల్ ఏనుగులతో ఆల్ప్స్ దాటి రోమును వణికించిన కార్తేజ్ సేనాని. షార్లమేన్ క్రీ.శ. 800లో రోములో చక్రవర్తిగా కిరీటం ధరించిన ఫ్రాంకుల రాజు.

వారి సరసన పేరు రాయించుకోవలసిన అవసరం నెపోలియన్‌కు ఉంది. 1799 నవంబరులో సైనిక బలంతో అధికారం చేజిక్కించుకున్నాడు. వెనక రాజవంశం లేదు. అంతకుముందు ఫ్రాన్సును ఏలిన బూర్బన్ల వారసుడినని చెప్పుకోలేడు. ఫ్రెంచి విప్లవం ఆ వంశపు రాజు తల నరికింది, బతికున్న వారసులు సింహాసనం తమదేనంటున్నారు. వెయ్యేళ్ల నాటి షార్లమేన్‌తో ఆ చిక్కు లేదు. అందుకే 1804లో షార్లమేన్ సమాధి ఉన్న ఆఖెన్ నగరానికి వెళ్లాడు. డిసెంబరు 2న జరిగిన పట్టాభిషేకానికి షార్లమేన్ పేరుతో కొత్త కిరీటం చేయించాడు. తలమీద రోమన్ సీజర్ల తరహా బంగారు పత్రమాల, అంగీ మీద బూర్బన్ల లిల్లీ పువ్వుకు బదులు ప్రాచీన ఫ్రాంకుల రాజు సమాధిలో దొరికిన తేనెటీగల గుర్తు.

అరువు తెచ్చుకున్న ఈ వీరత్వం వారసత్వంగానూ దిగింది. నెపోలియన్ తమ్ముడి కొడుకు లూయీ నెపోలియన్ 1848 అధ్యక్ష ఎన్నికల్లో ఆ పేరు మీదే ఘనవిజయం సాధించాడు. 1851లో అధికారమంతా చేజిక్కించుకోవడానికి చేసిన కుట్రకు ఎంచుకున్న తేదీ కూడా డిసెంబరు 2. ఓటేసిన రైతులు పేరును నమ్మారు. 1870లో సెడాన్ దగ్గర ఆయన ప్రష్యన్లకు బందీగా చిక్కినప్పుడు, ఆ నమ్మకానికి మూల్యం చెల్లించింది దేశం.

నాయకుడు ఏ వీరుడిని ఆవాహన చేస్తాడో చూస్తే, తనలో ఏ లోటు పూడ్చుకుంటున్నాడో తెలుస్తుంది. నెపోలియన్ 1804లో తెచ్చిన పౌరస్మృతికి హానిబల్ అండ అవసరం లేకపోయింది. సవరణలతో అది ఫ్రాన్సులో నేటికీ అమల్లో ఉంది. పాలకుడిని తూచవలసింది అలాంటి పనులతోనే.